వేటలో అవసరమెంత, వినోదమెంత?

చంపక తప్పని ప్రాణిని సరదాగా చంపితే తప్పేమిటి? ఈ ప్రశ్న నాది కాదు. నా దగ్గర చదువుకుని, ఇప్పుడు అమెరికాలోని ఇడాహో రాష్ట్రంలో వుద్యోగం చేస్తున్న పాత విద్యార్థి ఒకడు అడిగాడు. అతని సహోద్యోగులు వసంతకాలంలో ఒక శనివారం నేల ఉడుతల వేటకు పథకం వేసుకుంటూ అతన్నీ రమ్మన్నారట. “మాస్టారూ, రైతుకు మేలు, మాకు కాలక్షేపం. ఇందులో నీతి చర్చకు చోటెక్కడుంది?” అని రాశాడు. చోటు వుందనే నా నమ్మకం. ఈ చిన్న ప్రశ్నలో పెద్ద ప్రశ్న దాగి వుంది కనుక, అతనికి రాయవలసిన జవాబును నలుగురి ముందూ పెడుతున్నాను.

మొదట రైతు పక్షం వినాలి. వినకుండా తీర్పు చెప్పడం బస్తీలో కూర్చున్న దయామయుల అలవాటు. నేల ఉడుత మన ఇళ్ల చూరు మీద తిరిగే చారల ఉడుత కాదు. పొలాల్లో బొరియలు తవ్వుకుని గుంపులుగా బతికే జంతువు. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో విస్తారంగా పండించే అల్ఫాల్ఫా, అనగా మన పాడిరైతులు లూసర్న్ అని పిలిచే పచ్చిమేత, దానికి ఇష్టమైన తిండి. ఏడాదిలో సగానికి మించి నేల కిందనే నిద్రలో గడిపి, దక్షిణ ఇడాహోలో ఫిబ్రవరి, మార్చి నాటికి బయటికి వస్తుంది. వేసవి ముదిరేలోగా ఒళ్లు పెంచుకుని, పిల్లల్ని సాకి, మళ్లీ లోపలికి పోవాలి. కనుక దాని ఆకలంతా లేత మేత మొలిచే ఆ కొద్ది నెలల్లోనే. బొరియల ముందు పోసిన మట్టిదిబ్బలు కోతయంత్రాలను పాడుచేస్తాయి, కాలవగట్లు గుల్లబారుతాయి. ఈ నష్టం నిజం. దీన్ని కాదనే నీతికి నేల మీద కాళ్లు లేవు.

ఇక వేటగాళ్ల పథకం చూడండి. లైసెన్సు వుండాలి, పొలం యజమానిని ముందుగా అడగాలి, ఇళ్లూ, పశువులూ ఏ దిక్కున వున్నాయో తెలుసుకోవాలి, తీసిన గేటు తిరిగి వెయ్యాలి. ఇడాహోలోనే ‘ఉత్తర ఇడాహో నేల ఉడుత’ అనే జాతికి 2000 నుంచి చట్టరక్షణ వుంది కాబట్టి, ఏది ఏ జాతో పోల్చుకోవడం కూడా వేటగాడి బాధ్యతే. సీసపు తూటా తగిలిన కళేబరాన్ని పొలంలో వదిలేస్తే, దాన్ని తిన్న గద్దలకు ఆ విషం ఎక్కుతుంది. ఈ కారణంగానే కాలిఫోర్నియా 2019 జూలై నుంచి వేటలో సీసపు తూటాలను నిషేధించింది. ఇవన్నీ పాటించవలసిన మర్యాదలే. ఐతే పథకంలో అన్నిటికన్నా ముఖ్యమైన అంశం వేరు. ఉడుతలు ఏ పొలంలో ఎక్కువగా వున్నాయి? ఏ వారంలో ఎక్కువగా బయట తిరుగుతాయి?

అసలు సంగతి ఇక్కడే బయటపడుతుంది. రైతు కోరేది ఉడుతలు లేని పొలం. వేటగాడు కోరేది ఉడుతలు నిండిన పొలం. వచ్చే ఏడు కూడా నిండే వుండాలి. తన పని పూర్తికావడం ఇష్టం లేనివాడు చేసేది సేవ ఎలా అవుతుంది? రోగం నయం కాకూడదని కోరుకునే వైద్యుణ్ణి మనం ఏమంటాం?

చంపడం వినోదం కావాలంటే, చచ్చేదాన్ని ముందు శత్రువును చెయ్యాలి. ఇందుకు చరిత్రలో సాక్ష్యం వుంది. 1918లో, మొదటి ప్రపంచయుద్ధం సాగుతుండగా, కాలిఫోర్నియా ప్రభుత్వం ఏప్రిల్ 29 నుంచి మే 4 వరకు ‘ఉడుతల వారం’ జరిపింది. బడిపిల్లలను సైన్యంగా సమీకరించింది. ప్రచారచిత్రాల్లో ఉడుతల తలలకు జర్మన్ సైనికుల మొనదేరిన శిరస్త్రాణాలు తొడిగించింది. చంపిన రుజువుగా తోకలు తెమ్మని బహుమతులు ప్రకటించింది. లక్షకు పైగా తోకలు లెక్కకు వచ్చాయి. పంటను కాపాడుకోవడం అవసరమే కావచ్చు. కాని ఆ పిల్లలు నేర్చుకున్నది వ్యవసాయమా, యుద్ధమా?

అదే రాష్ట్రానికి చెందిన జోసెఫ్ గ్రినెల్ అనే జంతుశాస్త్రజ్ఞుడు, బొరియలు తవ్వే ఈ జంతువులే మట్టిని తిరగేసి నేలను తయారుచేస్తున్నాయని 1923లో వివరించాడు. పొలంలో చీడ అయినదే బీడులో సేద్యగాడన్నమాట. ‘చీడ’ అన్నది జంతువు స్వభావం కాదు. మన ఉత్పత్తికీ దానికీ ఏర్పడిన సంబంధం. ఇడాహో జనం ఈ జంతువుకు ‘ఈలవేసే పంది’ అని ఎగతాళి పేరు పెట్టారు. ఆ ఈల ఏమిటో బెల్డింగ్ నేల ఉడుతల మీద పనిచేసిన పాల్ షెర్మన్ 1977లో ప్రకటించాడు: నేల మీద శత్రువు కనబడినప్పుడు, ప్రాణాపాయానికి ఓర్చి ముందుగా కేకవేసేవి ఎక్కువగా దగ్గర చుట్టాలున్న ఆడ ఉడుతలు. దీన్ని త్యాగమని పొగడడం భావుకత్వం. కాని ఆ ప్రాణిని వట్టి గురి అనుకోవడం అజ్ఞానం.

తోకల లెక్క చదివినప్పుడు నాకు మన డెల్టాలు జ్ఞాపకం వచ్చాయి. కృష్ణా, పెన్నా పల్లపు పొలాల్లో ఎలుకలు పట్టే పని యానాదులు చేస్తూ వచ్చారు. కుండలో గడ్డి రాజేసి, కన్నంలోకి పొగ ఊది, తవ్వి పట్టుకుంటారు. తోకకింత అని కూలి. కన్నంలో ఎలుక దాచుకున్న వడ్లు దొరికితే అవీ తిండికే. ఇక్కడ నా విద్యార్థి ఆక్షేపించవచ్చు: “వచ్చే ఏడు ఎలుకలు వుండాలని యానాదికి మాత్రం వుండదా, మాస్టారూ?” వుంటుంది. ఐతే అతడు కోరేది ఎలుకను కాదు, కూలిని. తనకంటూ ఇంత నేల వుంటే ఆ పొగ మింగవలసిన అగత్యం అతనికి లేదు. ఒకడు డబ్బు ఖర్చుపెట్టి కొనుక్కునే పనినే, ఇంకొకడు పొట్టకోసం చేస్తున్నాడు. పని ఒక్కటే అయినా, వర్గాన్ని బట్టి దాని అర్థం మారిపోయింది. పైగా ఎలుక చావాలని కోరే మనమే, ఎలుకలు పట్టేవాణ్ణి హీనంగా చూస్తాం. ఆ పొలాల అన్నం తింటూ, చేతికి నెత్తురంటలేదని గర్వించే నాబోటి అధ్యాపకుడు ఇడాహో వేటగాడికన్నా ఏ విధంగా ఉత్తముడు?

అరణ్యపర్వంలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడు కౌశికుడికి ఈ సంగతే చెప్పాడు: నాగలి సాగినచోట నేలలోని ప్రాణులెన్నో చస్తాయి, హింస అంటని బతుకు లేదు. వంశవృత్తి గనుక తనకు దోషం లేదన్న అతని సమర్థన మనకు పనికిరాదు గాని, అతడు ఎత్తిచూపిన నిజాన్ని ఒప్పుకోక తప్పదు. మన పూర్వుల నీతిశాస్త్రాలు వేటను రాజుల సప్తవ్యసనాల్లో చేర్చాయి. ప్రబంధకవులు మాత్రం ఆ వ్యసనాన్నే వర్ణించి సన్మానాలు పొందారు. అవసరానికి చంపడం వేరు, వ్యసనానికి చంపడం వేరని ఆనాటివాళ్లకూ తెలుసు.

కనుక నా విద్యార్థికి చెప్పేది ఇది. ఆ రైతు నిజంగా సాయం కోరితే వెళ్లు, తప్పనను. కాని బయల్దేరేముందు ఒక ప్రశ్న వేసుకో. “మా పొలంలో ఇక ఒక్క ఉడుత కూడా లేదు, రానక్కర్లేదు” అని రైతు కబురు చేస్తే నీకు సంతోషం కలుగుతుందా, దిగులు కలుగుతుందా? సంతోషమైతే నీ చేతిలోది పనిముట్టు. దిగులైతే అది ఆటవస్తువు, రైతు నష్టం నీకు దొరికిన సాకు. అవసరం చంపడాన్ని సమర్థించగలదు. చంపడంలోని సరదాను సమర్థించలేదు. అవసరమైన హింసను పేదవాడి నెత్తిన వేసి అతన్ని నీచుడనీ, కలవాడి వినోదహింసను సేవ అనీ పిలిచే సమాజంలో, నీతి గురించి మాట్లాడదలచినవాళ్లు ముందు ఈ పేర్లనైనా సరిచెయ్యాలి.