ఆకే కదా!

మా చిన్నమామయ్య పొయ్యి మీద వండింది ముట్టడు. మొలకలు, జామకాయలు, నానబెట్టిన వేరుశనగలు. తిన్నాక మాత్రం అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగిస్తాడు. అదేమంటే, "ఆకే కదే అమ్మాయ్! ఫ్యాక్టరీలో పుట్టిందా?" అంటాడు.

ఒంగోలు పక్క మాది పొగాకు పండించే ఇల్లు. బ్యారన్‌లో వర్జీనియా ఆకును కర్రలకు కట్టి, దాదాపు వారం పాటు వేడి పెంచుకుంటూ క్యూరింగ్ చేస్తాం. మామయ్య చుట్టది నాటాకు, ఎండకు ఆరింది. ఆ మేరకు ఆయన మాట నిజమే. కానీ గింజకు నిప్పు తగలనివ్వని మనిషి ఆకుకు నిప్పంటించి, ఆ పొగను లోపలికి పీలుస్తాడే! పచ్చి ఆహార వ్రతం గొంతు దాకానే కాబోలు.

నికోటిన్‌ను మొక్క వేళ్లలో తయారుచేసి ఆకులకు పంపుతుంది, పురుగులు మేయకుండా. అయినా లద్దె పురుగు మా నారుమళ్లను హాయిగా మేస్తుంది. ప్రకృతిని సాక్షిగా పిలిస్తే మా ఇద్దరి తరఫునా చెబుతుంది. గీత 17వ అధ్యాయం సాత్వికాహారాన్ని గుర్తించేది అది ఆయుస్సుకు, బలానికి, ఆరోగ్యానికి ఏం చేస్తుందన్నదాన్ని బట్టి. ఆ కొలతే నాకు నచ్చుతుంది.

ఏకాదశినాడు అన్నం లేకుండా ఉండగలడు మామయ్య. చుట్ట లేకపోతే మధ్యాహ్నానికే అందరి మీదా కసురుకుంటాడు. ఆ చిరాకు కూడా ప్రకృతేనా అని అడిగాను.

"నీ కాలేజీ ఫీజు పొగాకు డబ్బే కదే" అన్నాడు.

అదీ నిజమే.