గ్యాస్ తక్కువా, గ్రహం బాగాలేదా?

మండుటెండలో కారు ఏసీ వెయ్యగానే కంప్రెసర్ క్లచ్ ‘టక్’మని పట్టుకుంటుంది. నాలుగైదు సెకన్లకే వదిలేస్తుంది. మళ్లీ పట్టుకుంటుంది. ఈ సంగతి చెప్పగానే ఎదుటివాళ్ల నోట వచ్చే తీర్పు, ‘గ్యాస్ అయిపోయింది, కొట్టించండి’. కొట్టించినా అదే వరస అయితే ఇంట్లో పెద్దవాళ్ల తీర్పు, ‘ఈ బండి మనకు అచ్చిరాలేదు’. ఒకటి యంత్రం గురించి, ఒకటి అదృష్టం గురించి. పొంతన లేనట్టు కనిపించే ఈ రెండు తీర్పుల్లోనూ లోపం మాత్రం ఒకటే: జరుగుతున్నదేమిటో తేల్చుకోకుండానే కారణానికి పేరు పెట్టడం. ఈశ్వరుణ్నీ కర్మనూ గట్టిగా నమ్మిన న్యాయదర్శనం, అంటే మన తర్కశాస్త్రం కూడా ఈ తొందరపాటును ఒప్పుకోదు. కర్మను నమ్మేవాడు కారణాన్ని వెతకడం మానాల్సిన పని లేదు. మానాడంటే ఆ నమ్మకాన్నే తప్పుగా వాడుకుంటున్నాడన్నమాట.

ముందు యంత్రం సంగతి. కంప్రెసర్ ఆగి తిరగడం దానంతటది జబ్బు కాదు. చాలా కార్లలో కూలింగ్ కాయిల్ మీద మంచు కట్టబోతుంటే పక్కనున్న సెన్సర్ కంప్రెసర్‌ను ఆపుతుంది, కాయిల్ కాస్త వేడెక్కాక మళ్లీ తిప్పుతుంది. లోపల చల్లగా ఉన్నంతసేపూ అది దాని ధర్మమే. చల్లదనం రాకుండా సెకన్ల లెక్కన ఆగి తిరిగితేనే అనుమానించాలి. గ్యాస్ తక్కువైతే కంప్రెసర్ లాక్కునే వైపు ఒత్తిడి చటుక్కున పడిపోతుంది. ఆర్-134ఏ గ్యాస్ గేజి మీద 28 పీఎస్ఐ దగ్గర సుమారు సున్నా డిగ్రీల సెల్సియస్‌లో మరుగుతుంది. అంతకన్నా బాగా దిగితే కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. అందుకే క్లచ్‌ను ఒత్తిడి స్విచ్‌తో నడిపే బండ్లలో ఆ స్విచ్ సాధారణంగా 25 ప్రాంతంలో కరెంటు తెంపేస్తుంది, ఒత్తిడి తేరుకోగానే మళ్లీ కలుపుతుంది. దీనికి సరిగ్గా ఎదురు, గ్యాస్ ఎక్కువ పట్టించినా, కండెన్సర్ బురదతో పూడుకుపోయినా, దాని ఫ్యాన్ తిరక్కపోయినా అవతలివైపు ఒత్తిడి హద్దు మీరి క్లచ్ విడిపోతుంది. రిలే సరిగా కలవకపోయినా, క్లచ్ అరిగి సందు పెరిగినా అంతే. గ్యాస్ తక్కువ కావడం, ఎక్కువ కావడం ఒకదానికొకటి విరుద్ధమైన రోగాలు. బయటికి కనిపించే లక్షణం మాత్రం ఒకటే. గుడ్డిగా గ్యాస్ కొట్టిస్తే ఒకదానికి మందు, రెండోదానికి విషం.

ఒకే కార్యానికి ఇన్ని కారణాలుంటే కార్యాన్ని చూసి కారణాన్ని అనుమానించడం ఎలా? మన తార్కికులకు ఇది పాత చిక్కే. గడ్డి వల్ల నిప్పు పుడుతుంది, అరణి మథిస్తే పుడుతుంది, సూర్యకాంతమణి వల్లా పుడుతుంది. గడ్డి లేకుండానూ నిప్పు వస్తున్నప్పుడు గడ్డిని నిప్పుకు కారణమనడం ఎలా కుదురుతుందని ఆక్షేపణ. తృణారణిమణి న్యాయమని దీనికి పేరు. మూడింటిలోనూ నిప్పు పుట్టించే శక్తి ఒకటుందని మీమాంసకులు సమాధానం చెప్పుకున్నారు. న్యాయదర్శనం వాళ్లు, అంటే నైయాయికులు దానికి ఒప్పుకోలేదు. కారణాలు వేరైతే కార్యాలూ వేరే. గడ్డినిప్పు ఒక జాతి, అరణినిప్పు మరో జాతి అన్నారు. వాళ్లలో ఒకడైన ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో ఈ చర్చ చేశాడు. వాదంలో నెగ్గడానికి కల్పించిన తేడా ఇదని, కంటికి కనిపించనిదాన్ని ఉందనడం ఏం న్యాయమని అడగొచ్చు. ఏసీ షెడ్డులో ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

గేజిలు తగిలిస్తే ‘ఆగి తిరగడం’ ఒక్కటి కాదని తేలుతుంది. లో సైడు ముల్లు 40 నుంచి 20కి దూకి పడుతుంటే అది ఒక జాతి. హై సైడు ముల్లు ఎగబాకి 400 దాటాక క్లచ్ విడితే మరో జాతి. రెండు ముళ్లూ మామూలుగా ఉండగానే విడితే ఇంకో జాతి, దాని మూలం కరెంటు దారిలో వెతకాలి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వచ్చి హైవే మీద సర్దుకుంటే ముందు కండెన్సర్ ఫ్యాన్‌ను చూడాలి. బండి వేగానికి వచ్చే గాలే అక్కడ ఫ్యాన్ పని చేసిపెడుతోంది. అయితే పరీక్ష చేస్తే చాలదు, ఆ పరీక్ష దేన్ని నిరూపిస్తుందో తెలియాలి. ఇంజన్ ఆపేసి 30 డిగ్రీల వేడిలో చూస్తే గేజి 97 ప్రాంతంలో నిలుస్తుంది. లోపల ద్రవం నిండుగా ఉన్నా, కొద్దిగా మిగిలినా ఆ అంకె మారదు. అది వేడిని చెబుతుంది గాని ఎంత గ్యాస్ ఉందో చెప్పదు. అలాగే లో ప్రెషర్ స్విచ్ వైర్లు రెండూ కలిపితే కంప్రెసర్ ఆగకుండా తిరిగిందనుకోండి. స్విచ్ పాడైందని తేల్చేస్తే తప్పే. గ్యాస్ నిజంగా తగ్గి ఉంటే ఆ స్విచ్ తన పని తాను సరిగ్గా చేసినట్టు. బాగున్నా, పాడైనా ఒకే ఫలితమిచ్చే పరీక్ష హేతువు కాజాలదు. తార్కికులు దాన్ని హేత్వాభాసాల్లో, అంటే హేతువులా కనిపించే దోషాల్లో మొదటిదిగా, సవ్యభిచారంగా లెక్కగట్టారు.

ఇలా జాతులు విడదీస్తూ పోతే అంతెక్కడ అనవచ్చు. మందు మారేంతవరకు విడదీయాలి, మారని చోట ఆగాలి. గ్యాస్ తక్కువని తేలాక కూడా పని అయిపోలేదు. అది వాడకంతో ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరిగేది. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. కారేది ఓ-రింగు దగ్గరా, షాఫ్టు సీలు దగ్గరా, రాయి తగిలిన కండెన్సర్‌లోనా అన్నదాన్ని బట్టి మరమ్మతు మారుతుంది కాబట్టి అంతవరకూ వెతకడం అవసరం. ఆ ఓ-రింగు ఏ రోజు తయారైందో తెలిసినా యజమాని చెయ్యాల్సింది మారదు.

అసలు గట్టి ఆక్షేపణ ఇంకొకటుంది. ‘అదే మోడల్ కొన్న పక్కింటాయనకు రాని తంటా నాకే ఎందుకొచ్చింది? అది అదృష్టం కాక మరేమిటి?’ ఈ మాటలో బలం లేకపోలేదు. మనుషులకు కలిగే సుఖదుఃఖాల్లోని వైచిత్ర్యానికి కారణం కావాలనే ఉదయనుడు అదే గ్రంథంలో అదృష్టాన్ని, అంటే కంటికి కనిపించని పుణ్యపాపాలను నిలబెట్టాడు. కానీ న్యాయమతంలో ఈశ్వరుడు, కాలం, దిక్కు, అదృష్టం సాధారణ కారణాలు. పుట్టే ప్రతిదాని వెనకా అవి ఉంటాయి. ఏసీ చల్లగా నడిచిన రోజూ ఉన్నాయి, మొరాయించిన రోజూ ఉన్నాయి. ఎప్పుడూ ఉండేదాన్ని చూపించి ఈ పూట వచ్చిన లోపాన్ని వివరించలేం. అసాధారణ కారణం వేరే కావాలి. పుణ్యపాపాలు ఫలమిచ్చేది కూడా కనిపించే కారణాల ద్వారానే. ‘నా కర్మ’ అన్నాక సైతం, ఆ కర్మ ఓ-రింగు గుండా వచ్చిందా, ఫ్యాన్ మోటారు గుండా వచ్చిందా అన్న ప్రశ్న అలాగే మిగిలి ఉంటుంది. కనిపించే కారణం కుదిరినచోట కనిపించనిదాన్ని కల్పించరాదన్నది మన శాస్త్రకారులు పాటించిన మర్యాద.

కొత్త బండికి పూజ చేయించి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేవాళ్లను వెక్కిరించడానికి ఈ వాదం పనికిరాదు. ఆ పూజ క్షేమాన్ని కోరుతుంది, గేజి ఒక లోపాన్ని వెతుకుతుంది. ఒకదాని పని రెండోదానికి అప్పగించినప్పుడే చిక్కు. కారు ఏసీ విషయంలో ఆ చిక్కు ఖరీదు కొంత డబ్బు, కొంత ఉక్కపోత. తగ్గని జ్వరాన్నీ, ఎండిన చేనునూ, చదువు ఎక్కని పిల్లవాణ్నీ ‘తలరాత’ అనేసి వదిలిన చోట ఖరీదు చాలా పెద్దది. తలరాత అన్న మాటకు చోటు లేదని కాదు. వెతకగలిగినంత వెతికి, బాగుచెయ్యగలిగింది బాగుచేశాక, ఇంకా మిగిలినదాన్ని ఓర్చుకోవడానికి ఆ మాట మనిషికి కావాలి. విచారణకు ముందే వాడితే అది బద్ధకానికి ముసుగవుతుంది.