కూరమడిలో అహింస

బ్రిటన్ పట్టణాల్లో సొంత పెరడు లేనివాళ్లు స్థానిక కౌన్సిల్‌కు ఏటా కొంత కౌలు కట్టి కూరగాయల కోసం ఒక చిన్న చెక్క తీసుకుంటారు. దాన్ని అలాట్‌మెంట్ అంటారు. దాని మామూలు విస్తీర్ణం పాత కొలతలో పది రాడ్లు, అంటే దాదాపు 250 చదరపు మీటర్లు. అడిగేవాళ్లుంటే నేల చూపించే బాధ్యతను 1908 నాటి చట్టం స్థానిక సంస్థల మీద పెట్టింది. ఆ నేలలో పండేది ప్రధానంగా పండించినవాళ్ల ఇంటి తిండికేనని 1922 చట్టం తేల్చింది. అమ్మకం బెడద లేని సేద్యం కాబట్టి, కొత్తగా వచ్చేవాళ్లలో చాలామందికి మందు కొట్టని కూర, ఏ ప్రాణినీ నొప్పించని భోజనం దొరుకుతాయన్న సాత్వికమైన ఆశ ఉంటుంది. మే నెలలో లెట్యూస్ నారు నాటాక కురిసే మొదటి వానకే ఆ ఆశ కరిగిపోతుంది. స్లగ్ అని పిలిచే గుల్ల లేని నత్తలు చీకటి పడ్డాక బయటికొచ్చి, తెల్లారేసరికి మొదళ్లు మాత్రం మిగులుస్తాయి. వేసవిలో తెల్ల సీతాకోకచిలుకలు క్యాబేజీ ఆకులకు గుడ్లు పెడతాయి, బ్రాడ్‌బీన్స్ కొనలకు నల్ల పేనుబంక పడుతుంది. ఇక అప్పుడు, కూర తినాలంటే చంపక తప్పదా అన్న ప్రశ్న ఎదుటికొస్తుంది. దీనికి సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి: అహింస అసాధ్యం కాబట్టి ఆ ఊసే వద్దని ఒకరు, అహింస కావాలంటే తోటపనే మానుకోవాలని ఇంకొకరు. రెండూ తప్పేనని నా వాదన. అహింస మనిషి సంపాదించి దాచుకునే పవిత్రత కాదు, చేసే హానిని తెలుసుకుని తగ్గించుకుంటూ పోయే ప్రయత్నం. అందుకు కూరమడి అడ్డం కాదు. నిజానికి ఆ ప్రయత్నం నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు అరుదు.

సేద్యంలో హింస ఉందన్న సంగతి మన ప్రాచీనులకు కొత్త కాదు. ఇనుప మొన ఉన్న నాగలి నేలనూ నేలలోని ప్రాణులనూ గాయపరుస్తుంది కాబట్టి బ్రాహ్మణుడు వ్యవసాయానికి దూరంగా ఉండాలని మనుస్మృతి చెప్పింది. బౌద్ధ వినయం భిక్షువులను నేల తవ్వవద్దంది, మొక్కలను తుంచవద్దంది. జైన సంప్రదాయం మొదటి తీర్థంకరుడు ఋషభుడే జనానికి కృషి నేర్పాడని గౌరవిస్తూనే, తరువాతి గృహస్థ నియమాల్లో నేలను చీల్చే వృత్తుల పట్ల సంకోచం చూపింది. నిజాన్ని దాచకపోవడం ఈ మూడింటి గొప్పతనం. అయితే మూడింటిలోనూ ఒక చిక్కు మిగిలిపోయింది. నాగలి పట్టనివాడు కూడా అన్నం తినాలి కదా? భిక్షాపాత్రలో పడిన అన్నం ఎవరో దున్నిన మడిలో పండినదే. తాను దున్ని, విత్తి తింటున్నానని, గౌతముడూ అలాగే చేయాలని కసి భారద్వాజుడనే రైతు బుద్ధుణ్ణి నిలదీసిన కథ సుత్తనిపాతంలో ఉంది. తానూ సాగు చేస్తున్నాననీ, తన విత్తనం శ్రద్ధ అనీ బుద్ధుడు చెప్పిన జవాబు ఆధ్యాత్మికంగా లోతైనది. కానీ నాగలి కింద నలిగిన పురుగు లెక్క ఎవరి ఖాతాలో పడుతుందన్న సందేహం దానితో తీరదు.

నేటి బజారు ఆ సందేహాన్ని ఇంకా లోపలికి నెట్టేసింది. ప్లాస్టిక్ సంచిలో కడిగి పెట్టిన లెట్యూస్ ఆకు మీద నత్త జాడ ఉండదు. జాడ లేకపోతే హింస లేనట్టు కాదు, దాన్ని మన కంటపడకుండా ఇంకొకరు ముగించారనే అర్థం. 2003లో అమెరికా శాస్త్రవేత్త స్టీవెన్ డేవిస్ దుక్కిలో, కోతలో ఎన్నో చిన్న జంతువులు చస్తున్నాయి కాబట్టి, పంట మాత్రమే తినడం కన్నా గడ్డి మేసే పశువుల మాంసం కొంత తినడంలోనే మొత్తం మీద తక్కువ చావులుంటాయని వాదించాడు. అదే ఏడాది గావెరిక్ మాథెనీ దానికి బదులిస్తూ, చావులను ఎకరానికి ఎన్నని కాక, దొరికే తిండికి ఎన్నని లెక్కించాలనీ, అప్పుడు శాకాహారమే తక్కువ హాని చేస్తుందనీ చూపించాడు. నాకు మాథెనీ లెక్కే సరిగ్గా తోస్తుంది. అయినా తిండి ఏదైనా ఖాతాలో సున్నా ఉండదన్న విషయంలో ఆ ఇద్దరికీ పేచీ లేదు. కాబట్టి హింస వద్దనుకుని మడి వదిలేసి దుకాణానికి వెళ్లేవాడు హింసను మానినట్టు కాదు, చూడటం మానినట్టు.

ఈ చిక్కును నేరుగా పట్టుకున్న కథ భారతంలోని ధర్మవ్యాధోపాఖ్యానం. తపస్సు చేసిన కౌశికుడు మిథిలలో మాంసం అమ్ముకునే వ్యాధుడి దగ్గర ధర్మం వినవలసి వస్తుంది. నాగలి సాగితే నేలలో ఎన్నో ప్రాణులు చస్తాయని, నడిచే పాదం కిందా చస్తాయని, ధాన్యపు గింజలోనూ జీవముందని, అహింసనే వ్రతంగా పట్టిన యతులు కూడా హింస నుంచి పూర్తిగా తప్పించుకోలేరని వ్యాధుడు చెబుతాడు. అంతటితో ఆగి ఉంటే అది చేతులు దులుపుకోవడమే అయ్యేది. కానీ ప్రయత్నం వల్ల ఆ హింస తగ్గుతుందని కూడా అంటాడు. అసలు కీలకం అక్కడుంది. ఇంట్లోని పొయ్యి, రోలు, తిరగలి, చీపురు, నీళ్లకుండ దగ్గర తెలియక జరిగే ప్రాణిహింసకు గృహస్థు రోజూ పంచయజ్ఞాలతో బదులు తీర్చుకోవాలన్న శాస్త్ర విధి కూడా ఇదే తోవలోది. వంట మానమని అది చెప్పలేదు, వంటలో హింస లేదనీ చెప్పలేదు. తప్పని హానిని అప్పుగా చూడమంది.

ఈ చూపుతో మళ్లీ మడిలోకి వస్తే, మొదట కావలసింది జాలి కన్నా జ్ఞానమని తెలుస్తుంది. బ్రిటన్‌లో 44 రకాల స్లగ్‌లున్నాయి, వాటిలో తోట మొక్కల జోలికొచ్చేవి తొమ్మిదే. తక్కినవి ఎక్కువగా కుళ్లిన ఆకులు తిని నేలకు మేలు చేసేవి. 2022లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ నత్తలనూ స్లగ్‌లనూ ఇకపై చీడల జాబితాలో చూపబోమని ప్రకటించింది. కనబడిన ప్రతి నత్తనూ చంపే కొత్తవాడు శత్రువుతో పాటు పనివాణ్ణీ చంపుతున్నాడన్నమాట. మంచి ఉద్దేశం ఒక్కటే చాలదని కూడా అదే సొసైటీ పరీక్ష చూపింది. నత్తలను చంపకుండా ఆపుతాయని తోటమాలులు నమ్మే రాగి పట్టీలు, గుడ్డు పెంకులు, గరుకు రాళ్లు, ఉన్ని గుళికలు పరీక్షలో నారును కాపాడలేకపోయాయి. క్యాబేజీ మీద సన్నని వల కప్పడం, నారు కుండీల్లో ముదిరాకే నాటడం, సాయంత్రానికి బదులు పొద్దున్నే నీళ్లు పెట్టడం వంటి నిజమైన ఉపాయాలకు ఓపిక కావాలి. అహింస ఇక్కడ మనోభావం కాదు, నేర్చుకోవలసిన పని.

ఎలాగూ చంపక తప్పనప్పుడు ఒకటైనా వందైనా ఒకటే కదా, పట్టింపులెందుకని ఒక ఆక్షేపణ ఉంది. మెటాల్డిహైడ్ గుళికల చరిత్ర దానికి జవాబు. దశాబ్దాల పాటు బ్రిటన్ తోటల్లో నత్తలకు అదే సులువైన మందు. అది పక్షులకు, హెడ్జ్‌హాగ్ వంటి చిన్న జంతువులకు ప్రమాదమని తేలి, 2022 మార్చి 31 తరువాత ఆరుబయట దాని వాడకాన్ని నిషేధించారు. నత్తలను తినే జీవులకే హాని చేసే మందుతో నత్తలను చంపడం అధర్మమే కాదు, తెలివితక్కువతనం కూడా. చేతితో ఏరి తీసేసే పది నత్తలకూ, మడి మీద చల్లిన విషానికీ మధ్య సంఖ్యలోనే కాదు, గురిలోనూ తేడా ఉంది.

ఇంతకన్నా పదునైన ఆక్షేపణ మరొకటి ఉంది. నత్తల ఒంట్లోకి చొరబడి చంపే సూక్ష్మ నులిపురుగులను కొని తెచ్చి నేలలో పోసేవాళ్లు, పేనుబంకను తినే అక్షింతల పురుగులను రప్పించేవాళ్లు తమ చేతికి మట్టి అంటకుండా ఇంకొకరి చేత చంపించడం లేదా? చంపిస్తున్నారు, ఒప్పుకోవాలి. ప్రకృతి పేరు పెట్టినంత మాత్రాన ఆ పని అహింస అయిపోదు. అయితే డబ్బిచ్చి చావును తెప్పించడానికీ, మందు కొట్టకుండా ఉండి, తినేదీ తినబడేదీ రెండూ బతికే చోటు మిగల్చడానికీ ఒక గీత ఉంది. రెండో దానిలో మనిషి తన వాటాను తగ్గించుకుంటున్నాడు. కొన్ని ఆకులు పోనివ్వడానికి సిద్ధపడటమే అప్పు తీర్చడంలో మొదటి వాయిదా.

పురుగుకు నొప్పి తెలుసో లేదో తేలకుండా ఇంత చర్చ దేనికని అడగవచ్చు. నొప్పి సంగతి తేలకపోయినా, ద్వేషంతో చంపేవాడి మనసు మారుతుందన్న సంగతిలో సందేహం లేదు. గాంధీజీ ఆశ్రమ పంటలను పాడుచేసే కోతుల విషయంలో 1928 ప్రాంతంలో చంపాలా వద్దా అన్న ప్రశ్నతో పెనుగులాడారు. హింస లేని సేద్యం లేదని ఒప్పుకున్నారు, అయినా దాన్ని వీలైనంత తగ్గించే దారి వెతకడం మానలేదు. ఇక్కడ ఇంకో హెచ్చరిక అవసరం. వినోదం కోసం మడి చేసేవాడికి పది క్యాబేజీలు పోతే భోజనం తగ్గదు, దుకాణం తెరిచే ఉంటుంది. మిర్చి తోటకు తెగులొస్తే అప్పుల్లో మునిగే గుంటూరు రైతును అదే కొలతతో కొలవడం అన్యాయం. జైన ఆచార్యులు కోరి చేసే హింసను, జీవనవృత్తిలో తప్పని హింసను వేరు చేసింది ఇందుకే. వెసులుబాటు ఎక్కువ ఉన్నవాడికే బాధ్యతా ఎక్కువ.

కాబట్టి కొత్తగా మడి పట్టేవాళ్లు చేతులు శుభ్రంగా ఉంటాయన్న ఆశను ముందే వదులుకోవడం మంచిది. మొదటి రెండేళ్లు మందు డబ్బా జోలికి పోకుండా ఏది తింటోందో, ఏది కాపాడుతోందో గమనించండి. అడ్డుపెట్టగలిగిన చోట అడ్డుపెట్టండి, పోగొట్టుకోగలిగినంత పోనివ్వండి. చంపక తప్పనప్పుడు ఎందుకు చంపుతున్నారో తెలిసి, మీ చేత్తోనే, అవసరమైనంతకే చంపండి. ఆ తరువాత దాన్ని అహింస అని పిలవకండి, తక్కువ హింస అనండి. అన్నం తినే మనిషికి అందే ధర్మం అంతే, అది చిన్నదేమీ కాదు.