వెనక సీటు మాట

హైబ్రిడ్ కారు కొన్న ఇంట్లో కొన్నాళ్లకు ఒక కోరిక మొదలవుతుంది. మైలేజీ బాగుంది. సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోయి బండి మోటారు మీద చప్పుడు లేకుండా కదులుతుంది. హైవే ఎక్కి నూరు దాటాక లేన్ మారితే మాత్రం బండి ఒక పక్కకు వాలుతుంది. స్టీరింగ్ పట్టినవాడికి ఆ వాలు నచ్చదు. గట్టి స్ప్రింగులు వేయిద్దాం, షాకప్‌లు మారుద్దాం, లావు స్టెబిలైజర్ బార్ పెట్టిద్దాం అంటాడు. కల్లూరులో ఉండేవాళ్లకు ఈ కోరిక రావడంలో వింత లేదు. కర్నూలు నగరంతో కలిసిపోయిన ఈ ఊరి నుంచి ఒకవైపు బెంగళూరుకు 44వ నంబరు జాతీయ రహదారి, ఇంకోవైపు నంద్యాల మీదుగా కడపకు 40వ నంబరు రహదారి పోతాయి. వారానికోసారైనా ఏదో ఒకటి ఎక్కక తప్పదు.

నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. కారులో ఐదుగురు కూర్చుంటే, బండి బాగుందో లేదో తేల్చే హక్కు స్టీరింగ్ పట్టిన ఒక్కరికే ఎందుకు దక్కింది?

మలుపులో బండి బరువు లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి జరుగుతుంది. ఎంత జరుగుతుందన్నది గరిమనాభి ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, మలుపు తీసిన జోరు నిర్ణయిస్తాయి. స్ప్రింగ్ గట్టిదైతే వాలు తగ్గుతుంది, జరిగే బరువు మాత్రం దాదాపు అంతే ఉంటుంది. అందులో ముందు చక్రాలు ఎంత మోయాలి, వెనకవి ఎంత మోయాలి అన్న పంపకమే మారుతుంది. వాలు తగ్గింది కాబట్టి భారం తగ్గిందనుకుంటాం. మనకు కనబడకుండా పోయిన భారాన్ని ఎవరు మోస్తున్నారని ఎప్పుడైనా వెతికామా?

కుటుంబ కారు బాడీ సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగేలా స్ప్రింగులు ఎంచుతారు. మనిషి నడక లయకు అది దగ్గర. పందేల బండ్లలో ఆ ఊపు రెండు దాటుతుంది. నిలువు కుదుపు మన ఒంటిని ఎక్కువగా బాధించేది సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు వచ్చినప్పుడు. ఒంటికి తగిలే కంపనాలను కొలిచే ఐఎస్‌ఓ 2631 ప్రమాణం కూడా ఆ పట్టీకే ఎక్కువ విలువ కడుతుంది. బిగుసుకున్న షాకప్ సరిగ్గా ఆ కుదుపులనే సీటు దాకా మోసుకొస్తుంది. ఇంజనీరు కాగితం మీద వేసిన అంకెల వెనక ఉన్నవి మనిషి నడక, మనిషి వెన్నెముక. 1948లో పారిస్ ప్రదర్శనలో జనం ముందుకొచ్చిన సిట్రోయెన్ 2సివి సంగతి నాకు ఇందుకే ఇష్టం. దున్నిన చేలో అడ్డంగా పోయినా బుట్టలో గుడ్లు పగలకూడదని సంస్థ అధిపతి బూలాంజే షరతు పెట్టాడు. నడిపేవాడికంటే ముందు ఆ బండి మోసుకుపోయే వాటిని తలచుకున్నారు.

మన దగ్గరికి 2022లో వచ్చిన టొయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్‌లకు ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లు, వెనక టోర్షన్ బీమ్ ఉంటాయి. బ్యాటరీ డిక్కీ అడుగున కూర్చుంటుంది కాబట్టి సామాను చోటు తగ్గి, వెనక ఇరుసు మీద బరువు పెరుగుతుంది. తయారుచేసినవాళ్లు ఆ బరువు చూసుకునే స్ప్రింగు ఎంచారు. ఇందులో నన్ను ఆలోచనలో పడేసే విషయం ఇంకొకటుంది. బ్రేకు నొక్కినప్పుడు వృథాగా పోయే శక్తిని హైబ్రిడ్ బ్యాటరీలోకి పట్టుకుంటుంది. గుంతలో పడినప్పటి శక్తి మాత్రం షాకప్ నూనెలో వేడిగా మారి పోవలసిందే. దాన్ని కూడా కరెంటుగా మార్చే నమూనాను ఆడి సంస్థ 2016లో చూపించింది. కొత్త హైవే మీద అది రాబట్టింది 3 వాట్లు, గతుకుల పల్లె రోడ్డు మీద 613 వాట్లు. మంచి రోడ్డుకూ చెడ్డ రోడ్డుకూ ఉన్న దూరం ఆ రెండు అంకెల్లో ఉంది. షాకప్ మింగకపోతే ఆ శక్తి పోయేది కూర్చున్నవాళ్ల నడుములోకే.

మన నేల కూడా కదిలే నేల. నంద్యాల, కోవెలకుంట్ల వైపు నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. పైన ఎంత తారు పోసినా కింద నేల ఊరుకోదు, రోడ్డు అలలు తేలుతుంది. బేతంచెర్ల నాపరాళ్లు మోసే లారీల బరువు దానికి తోడు. గట్టి స్ప్రింగు చదును రోడ్డు మీదే పట్టునిస్తుంది. అలల రోడ్డు మీద చక్రం ఎగిరి నేలను వదిలేస్తుంది, నేలను వదిలిన టైరు బ్రేకుకూ లొంగదు, మలుపుకూ లొంగదు. వెనక సీటులోని నడుముకూ ముందు సీటులోని చేతికీ ఇక్కడ కావలసింది ఒకటే, టైరు నేలను అంటిపెట్టుకుని ఉండడం.

అయినా బండి చేతికి లొంగాలని కోరేవాడిది వట్టి సరదా అని తోసెయ్యలేను. 2021 ఫిబ్రవరి 14న వెల్దుర్తి మండలంలో ఒక టెంపో డివైడరు దాటి లారీకి గుద్దుకుని 14 మంది పోయారు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కల్లూరు మండలం చిన్నటేకూరు దగ్గర, అప్పటికే రోడ్డు మీద పడి ఉన్న మోటారు సైకిలును ఒక ప్రైవేటు బస్సు ఈడ్చుకుపోగా మంటలు లేచి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. వాటికి సస్పెన్షన్‌తో ముడి పెట్టడం లేదు. ఈ రహదారుల మీద బతుకు ఎంత పలచటి దారానికి వేలాడుతోందో తెలిసిన తండ్రి, రెప్పపాటులో పక్కకు తిప్పితే బండి మాట వినాలని కోరుకుంటాడు. ఆ కోరికలో భయం ఉంది, పిల్లల మీద ప్రేమ ఉంది.

ఇక వెనక సీటు. అక్కడ అరిగిన మోకాళ్ల అవ్వ కూర్చుంటుంది, నెలలు నిండుతున్న కోడలు కూర్చుంటుంది, ఆపరేషను చేయించుకుని హైదరాబాదు నుంచి తిరిగొస్తున్న పెద్దాయన కూర్చుంటాడు. వాళ్లు మహా అంటే "మెల్లగ పోనీ నాయనా" అంటారు. అంతకుమించి అడగరు. కారు కొడుకు సంపాదన, ఎక్కించుకుపోవడమే గొప్ప, ఇంకా వంకలు పెడితే ఏం బాగుంటుంది అనుకుంటారు. పైనున్న పిడి పట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా పళ్లు బిగించి ఊరుకుంటారు. ఆధారపడినవాళ్ల మౌనాన్ని మనం తృప్తి కింద జమ కట్టుకుంటాం. వంటింట్లో, ఆస్తి పంపకాల్లో, పెళ్లి మాటల్లో కూడా కట్టుకుంటూనే వచ్చాం. బండి విషయంలో ఈ అన్యాయం చిన్నది కావచ్చు. చిన్నచోట సరిదిద్దుకోనివాళ్లం పెద్దచోట సరిదిద్దుకుంటామా?

నా మట్టుకు చెయ్యదగిన పని స్పష్టంగానే కనిపిస్తోంది. బండి తూలుతోందంటే ముందు షాకప్‌లు నూనె కారుస్తున్నాయేమో, లోయర్ ఆర్మ్ బుష్‌లు చితికాయేమో, లింక్ రాడ్లు వదులయ్యాయేమో చూపించాలి. గాలి, అలైన్‌మెంట్ సరిచూసుకోవాలి. టైర్లు అరిగితే మంచివి వేయించాలి. కంపెనీ కొలతకు సరిపోయే కొత్త షాకప్ చక్రాన్ని నేలకు అంటిపెడుతుంది, కుదుపునూ మింగుతుంది. ముందు సీటు, వెనక సీటు రెండూ బాగుపడే మార్పు అది. ఎత్తు తగ్గించే స్ప్రింగులు నడిపేవాడి ఆనందానికే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కూడా రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. ఏ పార్టు మార్చినా, మార్చాక ఒకసారి తాళం ఇంకొకరికిచ్చి మనం వెనక సీటులో నంద్యాల దాకా కూర్చోవాలి. అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని, ఎట్లుంది అని నోరు తెరిచి అడగాలి.

ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం పోయేటప్పుడు నల్లమల మలుపుల్లో పిల్లలు వాంతి చేసుకుంటే స్ప్రింగులను తిడతాం. అక్కడ స్ప్రింగుకంటే ఎక్కువ పని చేసేది యాక్సిలరేటరు మీది కాలు. ఆ కాలి సంగతే నాకు ఇప్పటికీ తెగని చిక్కు. బండి కుదురుగా ఉందని తెలియగానే ఎనభైలో పోయేవాడు నూటపదిలో పోతాడు. భద్రత కోసం కొన్న బిగువంతా వేగం కింద ఖర్చయిపోతుంది. కారు లోపలివాళ్లు కనీసం "మెల్లగ పోనీ" అనైనా అనగలరు. కూలీలను ఎక్కించుకుని డివైడరు సందులో ఆగిన ఆటో డ్రైవరును ఎవరూ అడగలేదు. దూరంగా వస్తున్న కారును చూసి, దాటొచ్చా లేదా అని అతను కళ్లతోనే లెక్క వేసుకుంటాడు. మన బండి కింద ఏం మారిందో అతనికి తెలిసే దారి లేదు.