నామమునకు శక్తి యెక్కడిది?

పేరు పెట్టి పిలిచినంతమాత్రమున పిలువబడినది వచ్చి యెదుట నిలుచుట యెట్లు సంభవించుచున్నదను ప్రశ్న భారతీయ దర్శనములలో మిక్కిలి ప్రాచీనమైనది. శబ్దమునకును అర్థమునకును గల సంబంధము ఎవరును కల్పించినది కాదనియు, అది స్వభావసిద్ధమై నిత్యమై యున్నదనియు జైమిని మతానుయాయులగు మీమాంసకులు వాదించిరి. అట్లు కాదు, అది సంకేతకృతమేయనియు, ఏ పదము ఏ వస్తువును బోధింపవలెనో నిర్ణయించిన ఈశ్వరేచ్ఛయే పదమునకు గల శక్తియనియు నైయాయికులు బదులు చెప్పిరి. భక్తులైతే ఈ యుభయవాదములను దాటిపోయి, నామము నామికంటెను గొప్పదనిరి. వీనిలో దేనినైనను పరీక్షించి చూచుటకు పూర్వులకు సాధనము లేకపోయెను. మనకు, పరిమితమైన యర్థముననే యైనను, ఒకటి లభించినది. పేరును మాత్రమే గ్రహించి, ఆ పేరుగల ప్రోగ్రామును వెదకి, దానికి చలనము నిచ్చు కంప్యూటరు మన బల్లపై నున్నది. దాని నడవడిని శ్రద్ధతో గమనించినచో ఈ పాతప్రశ్న కొంత విడివడునని నా నమ్మకము.

1969వ సంవత్సరమున అమెరికాలోని బెల్ లాబొరేటరీసులో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు తమ సహచరులతో ప్రారంభించిన యూనిక్స్ అను ఆపరేటింగ్ సిస్టమునందును, దాని పద్ధతినే యనుసరించిన లినక్సునందును, ఫైలు పేరు ఫైలులో నుండదు. దాని పరిమాణము, దాని యజమాని, దానిని చదువుటకు వ్రాయుటకు నడుపుటకు ఎవరికెంత యధికారమున్నదో ఆ వివరము, డిస్కుపై దాని భాగము లెక్కడ నున్నవో ఆ జాడ, ఇవియన్నియు ఐనోడ్ అను నొక చిన్న పట్టికలో నుండును. ఆ ఐనోడునకు సంఖ్య గలదే గాని పేరు లేదు. పేరు డైరెక్టరీలో నుండును. 1979లో వెలువడిన యూనిక్సు ఏడవ కూర్పులో డైరెక్టరీలోని యొక్కొక్క పద్దు 16 బైట్లు: రెండు బైట్లలో ఐనోడు సంఖ్య, మిగిలిన 14 బైట్లలో పేరు, అంతకు మించి మరేమియు లేదు. ఒకే ఫైలునకు పది పేర్లుండవచ్చును. వానిలో ఇది యసలైన పేరను గౌరవము దేనికిని లేదు. పేర్లన్నియు చెరిపివేసినను, ఆ ఫైలును తెరచియుంచిన ప్రోగ్రాము నడచుచున్నంతవరకు అది డిస్కుపై నుండియే యుండును. పేరు లేదు, పిలుపున కందదు, కాని యున్నది. ఇచ్చట నామికి తన నామము తెలియదు.

సంకేతవాదమునకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము దొరకుట కష్టము. అయినను మీమాంసకుల కన్యాయము చేయరాదు. వారు నిత్యమని పట్టుపట్టినది గోవు, అశ్వము మొదలగు జాతివాచకములకు తమ యర్థముతో గల సంబంధమును గూర్చి. దేవదత్తాది వ్యక్తినామములు మనుష్యులు పెట్టుకొన్నవేయని వారును అంగీకరింతురు. ప్రోగ్రాముల పేర్లు ఈ రెండవ కోవకు చెందినవి.

సంకేతమని తేల్చినంతనే ప్రశ్న తీరలేదు. ఒకే పేరునకు పెక్కుచోట్ల పెక్కుసంకేతము లున్నప్పుడు ఏది నిలుచును? ఫైండ్ అను పేరును కీబోర్డుపై కొట్టి ఎంటర్ నొక్కగనే ఆ పేరు మొదట షెల్ అను ప్రోగ్రామునకు చేరును. షెల్ ముందు తనలోనే యిమిడియున్న యాజ్ఞలలో చూచును. అచ్చట లేకున్నచో పాత్ అను పేర తనయొద్దనున్న డైరెక్టరీల వరుసను తీసికొని, ఒక్కొక్క డైరెక్టరీలో ఆ పేరు కలదాయని క్రమముగా పరిశీలించును. నడుపదగినది మొదట కనబడినచోటనే యాగి, తక్కినవానిని చూడనే చూడదు. ఎచ్చటను లేకున్న దొరకలేదని చెప్పి 127 అను సంఖ్యను మిగుల్చును. దొరకియు నడుపుట కధికారము లేకున్న ఆ సంఖ్య 126. ఉనికి వేరు, అధికారము వేరు అను నీ భేదము ఎంత ముఖ్యమైనదో, అధికారవిచారమునకై ఒక యధ్యాయమునే కేటాయించిన పూర్వమీమాంసను చదివినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. దొరకిన పిమ్మట షెల్ ఫోర్క్ అను క్రియచే తనవంటిదే యగు మరియొక ప్రాసెసును పుట్టించును. ఆ పుట్టినది ఎగ్జెక్ అను క్రియచే తన పూర్వస్వరూపమును పూర్తిగా విడిచి, పిలువబడిన ప్రోగ్రాము స్వరూపమును ధరించును. ప్రాసెసు సంఖ్య మాత్రము మారదు.

విండోసులో ఫైండ్ అనునది ఫైలులోని వాక్యములలో వెదకునది. యూనిక్సులో ఫైండ్ అనునది ఫైళ్లనే వెదకునది. విండోసు యంత్రముపై సిగ్విన్ వంటి యూనిక్సు పరికరములను స్థాపించుకొన్నవాడు ఆ పేరు పిలిచినచో రెండింటిలో ఏది వచ్చును? ఏ డైరెక్టరీ వరుసలో ముందున్నదో అందలిది వచ్చును. పిలిచినవాని మనస్సులో ఏది యున్నదని యడుగువా రెవ్వరును లేరు. కనుక శక్తి నామమునందు లేదు, నామియందును లేదు, వెదకు క్రమమునందున్నది.

ఆ క్రమము పిలువబడినదానిది కాదు, పిలుచువానిది. ప్రతి ప్రాసెసును సాధారణముగా దానిని తన జనకునినుండి వారసత్వముగా పొందును. పొందినదానిని మార్చుకొనవచ్చును గాని, ఆ మార్పు దాని సంతతికి సంక్రమించునే కాని జనకుని నంటదు. ఒకే యంత్రముపై నిరువురు ఒకే పేరు పిలిచి రెండు వేర్వేరు ఫలములను పొందుట యిందువలననే. పూర్వులు వాసన యని, అనగా పూర్వానుభవమువలన మిగిలిన సంస్కారమని, చెప్పినదానికి దీనికంటె దగ్గరి యుదాహరణము నాకు కనబడలేదు. బాష్ అను ప్రసిద్ధమైన షెల్ ఒకసారి దొరకిన ప్రోగ్రాము చోటును జ్ఞప్తియందుంచుకొని, మరల పిలిచినప్పుడు వెదకక తిన్నగా అచ్చటికే పోవును. ఈలోపల ఆ ప్రోగ్రామును వేరొక డైరెక్టరీకి తరలించినచో, అది వరుసలోనే యున్నను, లేదని చెప్పును. స్మృతిని ప్రమాణములలో చేర్చని నైయాయికులు దీనిని చూచి సంతోషించి యుందురు.

ఇంతవరకు యంత్రము నైయాయికుని పక్షమున సాక్ష్యము చెప్పినది. భక్తుని మాట యేమి? భాగవతము ఆరవ స్కంధములోని అజామిళుడు మరణసమయమున నారాయణా యని పిలిచినది తన చిన్నకుమారుని, వచ్చినవారు విష్ణుదూతలు. యంత్రన్యాయముచే చూచినచో ఇది పొసగదు. వాని యుద్దేశము పుత్రునిపై నున్నది; వాని జీవితమంతయు కూర్చిన క్రమములోను ముందున్నది పుత్రుడే, హరి కాడు. ఉద్దేశమును క్రమమును రెండును ప్రతికూలమై యుండగా ఫలము సిద్ధించినది. భేదమెక్కడనో వెదకగా నాకు తోచినదిది: యంత్రములో ప్రోగ్రాము డిస్కుపై జడమై పడియుండును, వెదకుచు పోవునది షెల్. పిలువబడినది వినదు. భక్తిలో పిలువబడినవాడు వినుచున్నాడు. అజామిళోపాఖ్యానము నామాక్షరములలోని మంత్రశక్తికి నిదర్శనమని పెక్కండ్రు చెప్పుదురు; వినువాడొకడున్నాడనుటకే నిదర్శనమని నేను చెప్పుదును.

ఈ మాటకు గజేంద్రమోక్షము బలము నిచ్చుచున్నది. మొసలి పట్టునబడిన గజేంద్రుడు ఏ దేవతను పేరుపెట్టి పిలువలేదు. విశ్వమునకు మూలమైనవా డెవ్వడో వాడు రావలెనని మాత్రమే మొరపెట్టెను. యూనిక్సులో పేరునకు ముందు ఏటవాలు గీతను వ్రాసి పిలిచినచో షెల్ తన వరుసను పక్కకు పెట్టి, రూట్ అను మూలమునుండియే తిన్నగా పోవును. ఆ మూలమునకు పై డైరెక్టరీ యేదని యడిగిన అదే తనను చూపుకొనును. అయినను మూలమునుండి దిగు మార్గములోని ప్రతి పేరును పిలుచువానికి తెలిసియుండవలెను. గజేంద్రునికి మార్గము తెలియదు. విశ్వమయత్వము లేని బ్రహ్మాదులు ఆ మొరను విని యూరకుండిరనియు, సర్వాత్మకుడగు హరియే వచ్చెననియు భాగవతము చెప్పుచున్నది; ప్రత్యేకనామరూపములు గలవారు రాకపోవుట, పేరు లేని పిలుపునకు బదులు వచ్చుట, ఈ కథలో నాకు మిక్కిలి లోతైన భాగము.

అట్లయిన నామమెందుకని యెవరైన నడుగవచ్చును. వినువాడు పేరు లేకయే వినునప్పుడు, ప్రతిదినము సహస్రనామములు చదువుటకు ప్రయోజనమేమి? ప్రయోజనము పిలుచువానియందే యున్నదని నా యభిప్రాయము. జపము చేయువాడు తన వెదకు క్రమమును మార్చుకొనుచున్నాడు. ధనమును, పుత్రుడును, అభిమానమును ఆక్రమించియున్న స్థానములకు ముందు మరియొక స్థానమును చేర్చుచున్నాడు. షెల్‌లో ఒకసారి మార్చిన పాత్ ఆ షెల్ ముగియుటతోనే నశించును. లాగిన్ అయిన ప్రతిసారియు చదువబడు ప్రొఫైల్ అను ఫైలులో వ్రాసియుంచినగాని నిలువదు. నిత్యకర్మలను నిత్యము చేయవలెనని శాస్త్రము నిర్బంధించుటకు కారణము నేనిట్లు గ్రహించుచున్నాను. అజామిళుని విషయమున కొందరు వ్యాఖ్యాతలు, కుమారునికి ఆ పేరు పెట్టి పిలిచిన తొలినాడే వాని పాపములు నశించెననిరి. నాకు దానికంటె, వాడు భుజించుచు, త్రాగుచు, ముద్దుచేయుచు ఆ బాలుని పిలిచిన సంవత్సరములు ముఖ్యములుగ తోచుచున్నవి. ఎరుగకయే వాడు ఆ నామమును తన వరుసలో మొదటికి చేర్చుకొని యుండెను. తుదిదినమున నాలుక వెదకిన మొదటిచోట అదియే యుండెను.