ఆటలో న్యాయం – ఇంటిలో కాపలా

ఆటలో మోసం చిన్న తప్పేమీ కాదు. నిజాయితీగా గెలవజూచేవాని శ్రమను అది దొంగిలిస్తుంది. కాపలా ఉండాలనడంలో వివాదం లేదు. కాపలావాడు ఎక్కడ నిలవాలన్నదే ప్రశ్న.

2024 మే నెలలో ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’కు వాన్‌గార్డ్ కాపలా వచ్చింది. కంప్యూటరు అన్ని పనులనూ నడిపే కెర్నెల్‌లోనే అది తిష్ఠ వేసింది. లినక్స్ కెర్నెల్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు. యజమాని కదిలించలేని కాపలా అక్కడ నిలవదు. లినక్స్ ఆటగాళ్లు బయటనే మిగిలారు. ఆ అక్టోబరు 31న ‘ఏపెక్స్ లెజెండ్స్’ కూడా వారికి తలుపు మూసింది. లినక్స్ బాహాటత్వమే మోసగాళ్లకు అనువుగా ఉన్నదట!

ఆ భయం అబద్ధం కాదు. కెర్నెల్‌ను మార్చగలవాడు దానిచేత అబద్ధమాడించగలడు. కాని చేయగలగడమూ చేయడమూ ఒకటేనా? కొడవలి ఉన్న ప్రతి రైతునూ హంతకుడనడం ఏపాటి న్యాయం? విండోస్‌లో మోసగాళ్లు లేరా? ఉన్నారు. అక్కడ బేరం పెద్దది గనుక ఒక్కొక్కరినే వెదకి పట్టుకుంటారు. ఇక్కడ మంది తక్కువ గనుక అందరినీ కలిపి వెలివేస్తారు. ఇది నీతి లెక్క కాదు, ఖర్చు లెక్క.

ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్ఐ అనే కాపలాలు 2021లోనే ప్రోటాన్ ద్వారా లినక్స్‌పై పనిచేసేందుకు దారి తెరిచాయి. ఒప్పుకోవలసింది ఆట కంపెనీయే. గోడ చాటున ఉన్న ప్రత్యర్థి జాడను సర్వరు అసలు పంపకపోతే, దొంగచూపు పనిముట్టుకు చూడడానికేముంటుంది? దొంగగురిని ఇది ఆపదు, నిజమే. దానికి ఆట తీరును సర్వరు దగ్గరే పరిశీలించాలి. ఆ శ్రమ కంపెనీది. ఆటగాడి ఇంటిది కాదు.