కోరి తెచ్చుకున్న మంట

అల్లూరి సీతారామరాజు జిల్లాలో, ఒడిశా సరిహద్దును ఆనుకుని ఉన్న ముంచింగిపుట్టు మండలపు కొండ పల్లెల్లో పగటి తిండికి హంగులుండవు. చోడి (రాగి) అంబలి, కాస్త ఉప్పు, ఉంటే ఒక ఉల్లిపాయ, పెరట్లో అప్పుడే తెంపిన మిరపకాయ. చోళ్ళకు పోడో మెట్టో కావాలి. మిరపకు గుమ్మం పక్కన జానెడు చోటు చాలు. ఆ కాయలో సి విటమిన్ దండిగా ఉన్న మాట నిజమే కాని, ఆ లెక్క చూసుకుని ఎవరూ దాన్ని కొరకరు. నాలుక మండాలనే కొరుకుతారు. మంట చాలకపోతే ఈ ఏడు విత్తు బాగాలేదని నొచ్చుకుంటారు కూడా. ఏ ప్రాణి అయినా నొప్పి నుంచి తప్పుకోవాలనే చూస్తుందని నమ్మే మనం, నొప్పి పెట్టే మొక్కకు నీళ్ళు పోసి పెంచుకోవడాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? బాధ లేని బతుకే మంచి బతుకని చెప్పే వాదం ఏదైనా ముందు ఈ పెరటి మొక్కకు సమాధానం చెప్పుకోవాలి.

ఆ మంట ఏమిటో మొదట చూద్దాం. కాయను చీలిస్తే గింజలు అంటుకుని ఉండే తెల్లని భాగం కనిపిస్తుంది. కాప్సైసిన్ అనే పదార్థం ప్రధానంగా పుట్టేది అక్కడే. కారమంతా గింజల్లోనే ఉంటుందనుకుంటాం గాని, గింజకు అంటింది ఆ తెల్లని భాగపు కారమే. ఈ పదార్థానికి నరాల్లో స్పందించే గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. ఆ దారిలో చేసిన కృషికి 2021లో ఆయనకు, ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి, నోబెల్ బహుమతి వచ్చింది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికి మేల్కొనే గ్రాహకమే మిరపకాయ కొరికినప్పుడూ మేల్కొంటుంది. నోరు నిజంగా కాలదు, కాలుతోందన్న కబురు మాత్రం మెదడుకు చేరుతుంది. అలాగని ఆ బాధ అబద్ధమనగలమా? గాయం లేకపోవచ్చు, కళ్ళ వెంట కారే నీళ్ళు నిజం. బాధ ఉందో లేదో తేల్చడానికి గాయం కోసం వెతకడం సరిపోదని ఇక్కడే ఒప్పుకోవలసి వస్తుంది. ఈ ఒప్పుకోలు తర్వాత మనకు అవసరమవుతుంది.

మొక్క ఆ కారాన్ని మన కోసం తయారు చెయ్యలేదు. అమెరికాలోని అరిజోనాలో అడవి మిరపను పరిశీలించిన ట్యూక్స్‌బరీ, నభాన్ 2001లో ఒక సంగతి చూపించారు. పక్షులు ఆ పళ్ళు తిని విత్తనాలను చెడకుండా దూరాలకు మోస్తాయి. ఎలుక జాతి జంతువులు తింటే విత్తనాలు నాశనమవుతాయి, కాని కారానికి జడిసి అవి పళ్ళ జోలికే రావు. పక్షుల గ్రాహకానికి కాప్సైసిన్ పట్టదు. అందుకే మన పెరళ్ళలోనూ పిగిలిపిట్ట పండుమిరపను హాయిగా మింగి ఎగిరిపోతుంది. ఎవరూ నాటని చోట ఒక మిరప మొక్క మొలిచిందంటే చాలాసార్లు అది పిట్ట వేసిన మొక్కే. ఈ అమరిక వెనుక ఒక సంకల్పం ఉందని కొందరంటారు. వాళ్ళను మర్యాదగా ఒకటి అడగవచ్చు: పిట్టను పిలిచి ఎలుకను తరిమిన ఆ సంకల్పంలో, తరమబడవలసిన జాబితాలోని మనిషే కాయను ఇష్టంగా ఇంటికి తెచ్చుకోవడం ఎలా ఇముడుతుంది? ఇదంతా ప్రకృతి వరణమే అనేవారినీ అడగవలసింది ఉంది: ఒక సంగతి ఎలా వచ్చిందో తెలిసినంత మాత్రాన దానితో ఎలా బతకాలో తేలిపోతుందా?

తేలదు. ఎందుకంటే మనిషి కారం చేసే ఆ హెచ్చరికను విని కూడా ఆగలేదు. పాల్ రోజిన్ అనే మనస్తత్వవేత్త మెక్సికోలోని ఓహాకా కొండ పల్లెల్లో చేసిన పరిశీలన 1980లో వెలువడింది. అక్కడి పందులు, కుక్కలు రోజూ మనుషులు మిగిల్చిన కారపు తిండే తినేవి. అయినా ఎంచుకునే వీలిస్తే కారం కోరుకోలేదు. పిల్లలు మాత్రం, ఎవరూ బలవంతపెట్టకుండానే, పెద్దల పక్కన కూర్చుని కొంచెం కొంచెంగా రుచి చూస్తూ కొన్నేళ్ళలో తామే అడిగి వేయించుకునే స్థితికి వచ్చారు. మన ఇళ్ళలో జరిగేదీ ఇదే. ఒంటికి తెలిసిన ప్రమాదం వేరు, బుద్ధికి తెలిసిన ప్రమాదం వేరు. ఒళ్ళు 'కాలుతోంది' అంటున్నా బుద్ధి 'ఏమీ కాదు' అని నిబ్బరంగా ఉండగలగడంలో ఒక ఆనందం ఉంది. దాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు.

కాని ఇక్కడే జాగ్రత్తపడాలి. ఓర్చుకోవడాన్ని మెచ్చుకోవడం మొదలుపెడితే అది ఎక్కడికైనా పోతుంది. కొండవాళ్ళకు ఓర్పు ఎక్కువ, మిరపకాయ ఉంటే చాలు అంబలి తాగేస్తారని మైదానం నుంచి వెళ్ళినవాళ్ళు మెచ్చుకోలుగా అంటుంటారు. ఈ మాటను నిలదీసి చూద్దాం. అక్కడి గిరిజనులు జరుపుకునే ఇటుకల పండుగ నాడు మాంసం వండుకున్నప్పుడు కూడా అదే ఇంట్లో కారం తగ్గదు. కాబట్టి అది లేమిలో పుట్టిన అలవాటు మాత్రమే అనలేం. వాళ్ళకు రుచి ఉంది, ఎంపిక ఉంది. అయితే పప్పూ కూరా దొరకని రోజున అంబలి పక్కన ఉన్నది మిరపకాయ ఒక్కటే అయితే, దాన్ని వాళ్ళ రుచి అని పిలవడం మన సౌకర్యం కోసం చెప్పుకునే మాట.

అనాదిగా ఇదే వాళ్ళ తిండి అనే మాటా నిలవదు. మిరప అమెరికా ఖండపు పంట. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడల మీద మన తీరానికి వచ్చింది. అంతకు ముందు మన కారం మిరియాలది, పిప్పళ్ళది, అల్లానిది. చోళ్ళు అంతకంటే ఎన్నో వేల ఏళ్ళ ముందు ఆఫ్రికా ఎత్తుకొండల్లో సాగుకు వచ్చాయి. రెండు ఖండాల పంటలు ఈ కొండల్లో ఒక్క గిన్నె దగ్గర కలిశాయంటే, సంప్రదాయం అని మనం చూపించేదంతా ఎప్పుడో ఎవరో రుచి చూసి ఒప్పుకున్నదే. ఒప్పుకున్నదాన్ని మళ్ళీ పరిశీలించే హక్కు మనకూ ఉంటుంది.

అదే మిరపకాయ మరో చోట ఏం చేసిందో కూడా చూడాలి. అప్పటి విశాఖపట్నం సీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ ప్రెసిడెన్సీలో శిస్తు రాబట్టడానికి, నేరం ఒప్పించడానికి కింది ఉద్యోగులు ప్రజలను ఎలా హింసించేవారో విచారించిన సంఘం 1855లో నివేదిక ఇచ్చింది. కళ్ళల్లో మిరపపొడి వేయడం ఆ పద్ధతుల్లో ఒకటి. అంత దూరం పోనక్కరలేదు. మాట వినని పిల్లవాణ్ణి 'కళ్ళల్లో కారం కొడతా' అని బెదిరించని వీధి మనకు అరుదు. మిరపకాయల పొగ పెట్టిన ఇళ్ళూ ఉన్నాయి. పదార్థం అదే, నరం అదే, గాయం కనిపించకపోవడమూ అదే. అంబలి దగ్గర అది సంతోషం, ఇక్కడ క్రూరత్వం. తేడా ఎక్కడుంది? మంట ఎంత అన్నదాంట్లో లేదు. మొదలుపెట్టింది ఎవరు, చాలు అంటే ఆగుతుందా అన్న రెండింటిలోనే ఉంది. తినేవాడు కాయ కింద పెట్టి గుక్కెడు మజ్జిగ తాగగలడు. పొగలో కూర్చోబెట్టిన పిల్లవాడికి ఆ వీలు లేదు. గాయం లేదు కదా అని అలా కూర్చోబెట్టిన తండ్రి సమర్థించుకుంటే, బాధకు గాయం అక్కరలేదని మనం ముందే ఒప్పుకున్నది ఆయనకు అడ్డు నిలుస్తుంది.

ఇలాంటి మిరపకాయ పొగే బిడ్డ మేలు కోరి పెట్టే సందర్భమూ ఉంది, అది దిష్టి తీయడం. ఉప్పు, మిరపకాయలు బిడ్డ చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలిందంటారు, వస్తే ఏమీ లేదంటారు. ఏ ఫలితం వస్తే ఆ నమ్మకం వీగిపోతుందో చెప్పలేని పరీక్షను పరీక్షగా ఒప్పుకోలేం. జ్వరం వచ్చిన బిడ్డను డాక్టరుకు చూపడం దీనివల్ల ఆలస్యమైతే అది ప్రమాదం కూడా. అయినా నాయనమ్మ చెయ్యి ఆ బిడ్డ తల చుట్టూ ఎందుకు తిరుగుతోందో మనకు తెలుసు. ఆ ఆదుర్దాను తప్పుపట్టకుండా ఆ లెక్కను తప్పుపట్టవచ్చు.

చివరకు మనం కొనే కారం దగ్గరకు రావాలి. పెరటి కాయ మంట ఎవరి చేత్తో మొదలై ఎవరి నోట్లో ఆగిందో ఇంటివాళ్ళకు తెలుసు. గుంటూరు మిర్చి యార్డుకు చేరే బస్తాలో అది తెలియదు. కాయ కోసే, తొడిమలు తీసే ఆడవాళ్ళ చేతులు రాత్రి పడుకున్నాక కూడా మండుతూనే ఉంటాయి. ఆ మంట వాళ్ళు రుచి కోసం ఎంచుకోలేదు, చాలు అంటే కూలి ఆగుతుంది. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ నడుస్తుండగా, ములుగు జిల్లా మిరప చేలల్లో పనికి వచ్చిన పన్నెండేళ్ళ ఆదివాసీ బాలిక ఛత్తీస్‌గఢ్‌లోని తన ఊరికి నడిచిపోతూ దారిలోనే చనిపోయింది. ఏడాదికి సరిపడా ఎండుమిరప కొని కారం పట్టించుకునే ప్రతి ఇంటికీ ఈ బాధ్యతలో వాటా ఉంది. పెరట్లో రెండు మొక్కలు నాటినంత మాత్రాన ఎవరమూ దీని నుంచి బయటపడం. కోతకు వలస వచ్చే కుటుంబాల పిల్లలకు ఆ నెలల్లో బడి ఎక్కడ, కోసే చేతులకు తొడుగులు ఎవరు కొనాలి, ఆ ఖర్చు కిలో ధరలో ఎందుకు కలవకూడదు అని కొనేవాళ్ళం అడగాలి. అడిగినప్పుడు ధర పెరుగుతుందంటే, పెరిగిన ధర ఇవ్వడానికి సిద్ధపడాలి.